నడిసముద్రంలో నిద్ర

“ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు” అన్నారు మన పెద్దలు. పాతికేళ్ళకు పైగా సర్కారు ఆస్పత్రుల్లో పనిచేస్తున్నవాణ్ణి. రాత్రి డ్యూటీల్లో చెక్క బల్లమీద పడుకున్నాను, స్ట్రెచర్ మీద పడుకున్నాను, కుర్చీలో కూర్చునే గుర్రు పెట్టాను. ఆ సామెతను నాకన్నా బాగా నమ్మినవాడు వుండడు. కాని అందులో ఒక ప్రమాదం దాగి వున్నదని తెలిసింది ఆస్పత్రిలో కాదు. ఇంగ్లీషు చానల్ మధ్య, 32 అడుగుల తెరచాప పడవలో, తెల్లవారుజామున 4 గంటలకు.

మా అక్కయ్య కొడుకు ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో ఇంజనీరు. ముగ్గురు స్నేహితులతో కలిసి వాటాల మీద ఒక పాత పడవ కొన్నాడు. రెండు తెరచాపలు, ఒక చిన్న ఇంజను, లోపల పడుకోవడానికి ఐదు బెర్తులు, ఒక గ్యాసు పొయ్యి, బీరువా అంత మరుగుదొడ్డి. ఒక జూన్ నెలలో నేను శెలవు పెట్టి వెళ్ళినప్పుడు “మామయ్యా, ఫ్రాన్సులో షెర్‌బూర్గ్ దాకా వెళ్ళొద్దాం. మీరు హాయిగా పడుకోండి. రేపు మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం” అన్నాడు.

శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి, సాయంత్రం 7 గంటలకు బయలుదేరదీశాడు. నేనూ, అతనూ, అతని స్నేహితుడొకడూ. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం పడమటి కొసన వున్న నీడిల్స్ రాళ్ళు దాటేసరికి రాత్రి 11 అయింది. అక్కడి నుంచి షెర్‌బూర్గుకు సుమారు 60 నాటికల్ మైళ్ళు. మా పడవ గంటకు 5 మైళ్ళు నడుస్తుంది. అంటే ఇంకా 12 గంటలు.

స్నేహితుడికి వాంతులు మొదలైనాయి. అప్పుడు మాత్ర మింగి, పడవ ముక్కులో వున్న బెర్తు మీద పడి మూలుగుతున్నాడు. నేను మధ్య గదిలో బెంచీ మీద పడుకున్నాను. పడవ ఒక పక్కకు వాలి నడుస్తోంది. నాది ఎత్తు పక్క. రెండుసార్లు నేలమీదికి దొర్లాను. పైన మేనల్లుడు ఒక్కడే. “మీరు పడుకోండి మామయ్యా, నాకేం నిద్ర రావడం లేదు” అన్నాడు.

4 గంటలకు ఇక లాభం లేదని, లైఫ్ జాకెట్ వేసుకుని మెట్లెక్కాను. చుక్కాని పని ఒక చిన్న కరెంటు పరికరం చూసుకుంటోంది. మావాడి గడ్డం గుండెకు ఆని వుంది. దూరాన ఒక ఓడ దీపాలు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ కనబడుతున్నాయి. “రెండు రంగులూ ఒకేసారి కనబడితే ఓడ ముఖం మనవైపే వున్నట్టు” అని ఆ సాయంత్రమే నాకు పాఠం చెప్పాడు వాడు. “ఒరేయ్, లేవరా!” అని కేకవేశాను. లేచాడు. కాని తాను ఎక్కడున్నదీ, నేనెవరో, ఆ దీపాలేమిటో తెలియడానికి అర నిమిషం పట్టింది. తర్వాత చుక్కాని తిప్పాడు. ఆ ఓడ మా పక్కనుంచి ఐదంతస్తుల మేడలాగా నడిచి వెళ్ళింది. మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఆనాడు అతను నిద్ర లేచింది ఉదయం 6 గంటలకు. అంటే 22 గంటల మెలకువ. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన ఫలితం 1997లో వెలువడింది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతి చురుకు, రక్తంలో 0.05 శాతం సారాయి వున్నవాడి చురుకుతో సమానమని తేలింది. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే నేరమంటుంది. మా మేనల్లుడు చుక్క తాగకుండానే తాగినవాడితో సమానమైనాడన్నమాట.

“మన పాఠకుల్లో తెరచాప పడవలున్నవాళ్ళు ఎందరండీ?” అని మీరు అడగవచ్చు. తక్కువే. కాని పిల్లలు విదేశాల్లో వున్న ఇళ్ళు ఎన్నో. శెలవుల్లో పడవ అద్దెకు తీసుకుని నాలుగు రోజులు తిరిగి వచ్చేవాళ్ళు అక్కడ మామూలు. అదీగాక, రాత్రిపూట లారీ నడిపేవారికీ, నైట్ డ్యూటీ నర్సులకూ కూడా ఇందులో కొంత వుంది.

నిద్ర ఎందుకు పట్టదు?

మన లోచెవిలో శరీరం నిలకడను చూసే యంత్రాంగం ఒకటి వుంది. పడవ ఊగుతున్నదని అది మెదడుకు చెబుతుంది. కేబిన్ గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమకపడుతుంది. అదే ఓడ వికారం. కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుంటే ఈ తగవు చాలావరకు తగ్గుతుంది. అందుకే వికారం మొదలైనవాడు కేబిన్‌లో కూర్చుని పుస్తకం చదవకూడదు. పైకి వెళ్ళి దూరాన ఆకాశపుటంచు చూడాలి, లేదా కిందికి వచ్చి వెంటనే పడుకోవాలి. మధ్యలో తచ్చాడితే వాంతి ఖాయం.

రెండోది, కండరాలకు విశ్రాంతి లేకపోవడం. దొర్లిపోతామేమోనని నిద్రలోనూ ఒళ్ళు బిగబట్టుకునే వుంటాం. తెల్లవారేసరికి ఒళ్ళు నొప్పులు. మూడోది చప్పుడు, నాలుగోది తడి, ఐదోది భయం. వీటన్నిటికీ ఉపాయాలున్నాయి.

ఎక్కడ పడుకోవాలి?

ఆర్టీసీ బస్సులో వెనక సీటులో కూర్చున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. గతుకు వచ్చినప్పుడు ఎగిరిపడేది వాళ్ళే. పడవలో ఆ వెనక సీటు ముందు వుంటుంది. పడవ ముక్కు ప్రతి అలకూ పైకి లేచి కిందికి పడుతుంది. అక్కడి త్రికోణపు బెర్తు చూడడానికి డబుల్ కాట్‌లాగా విశాలంగా వుంటుంది గాని, ప్రయాణంలో పనికిరాదు. లంగరు వేసినప్పుడు మాత్రం అదే మహారాజ శయ్య. నెత్తిమీద కిటికీ తెరిస్తే గాలి ధారగా వస్తుంది.

ప్రయాణంలో కదలిక తక్కువగా వుండేది పడవ మధ్యలో, కొంచెం వెనకగా, వీలైనంత కింద. మధ్య గది బెంచీలు, మెట్ల పక్కన సొరంగంలాగా వుండే వెనక బెర్తు మంచివి. బెర్తు ఇరుగ్గా వుందని బాధపడకండి. ఇరుకే ఇక్కడ సుఖం. మన రైలు బెర్తు వెడల్పు చాలు. శరీరానికి రెండు పక్కలా ఆనిక వుంటేనే కండరాలు వదులవుతాయి.

పడవ వాలిన పల్లపు పక్కన పడుకుంటే గోడే మనను పట్టుకుంటుంది. ఎత్తు పక్కన పడుకునేవారికి లీ క్లాత్ అనే కట్టు కావాలి. ఇది గట్టి కాన్వాసు గుడ్డ. ఒక అంచును పరుపు కింద చెక్కకు బిగిస్తారు. రెండో అంచును తాళ్ళతో పైకప్పు కొక్కాలకు కడతారు. పరుపు మీద అడుగున్నర ఎత్తు, భుజం నుంచి మోకాలు దాకా పొడవు వుంటే చాలు. అమ్మ చీర ఉయ్యాలలో పసిపాప పడుకున్నట్టు వుంటుంది. పడవ దిక్కు మార్చినప్పుడు ఎత్తు పల్లమవుతుంది, పల్లం ఎత్తవుతుంది. కనుక రెండు పక్కల బెర్తులకూ కట్టు వుండాలి. నేను రెండుసార్లు నేల చూసింది ఈ మూరెడు గుడ్డ లేకనే.

ప్రయాణంలో పాదాలు పడవ ముక్కువైపు పెట్టి పడుకోండి. పడవ దేనికైనా గుద్దుకుంటే ఆ దెబ్బ తలకన్నా కాళ్ళు తట్టుకుంటాయి. పక్కకు తిరిగి, పై మోకాలు ముడిచి, వీపు వెనక ఒక దిండు ఇరికించుకుంటే దొర్లరు.

తడి, ఉప్పు, చప్పుడు

వానాకాలంలో ఉప్పు జాడీ చూశారుగా. గాలిలోని చెమ్మనంతా లాక్కుని నీళ్ళు కారుతుంది. సముద్రపు నీటితో తడిసి ఆరిన బట్టలూ అంతే. ఉప్పు ఎక్కిన దుప్పటి ఎన్నటికీ పూర్తిగా ఆరదు. దానిమీద పడుకుంటే చర్మం ఒరిసి, చెమట పొక్కులు, కురుపులు లేస్తాయి. కనుక పైన తొడిగిన బట్టలతో పక్కమీదికి ఎక్కకండి. మంచినీళ్ళతో ముఖం, మెడ, చంకలు, గజ్జలు తుడుచుకుని, పొడి నూలుబట్ట కట్టుకోండి. ఒక జత బట్టలు ప్లాస్టిక్ సంచిలో నిద్రకోసమే విడిగా దాచండి. పొద్దున్నే పరుపు ఎత్తి నిలబెట్టి, కింద చెక్కకు గాలి తగలనివ్వండి.

తెరచాప కొయ్యమీద తాళ్ళు రాత్రంతా టకటక కొట్టుకుంటాయి. వాటిని పక్కకు లాగి కడితే మీకే కాదు, పక్క పడవల వాళ్ళకూ పుణ్యం. గిన్నెలు, గరిటెల మధ్య ఒక తుండుగుడ్డ దూర్చండి. మెత్తని ఇయర్ ప్లగ్గులు మంచివే గాని, కాపలా మనిషి పైన వున్నప్పుడే వాడాలి.

వాసన లేని విషం

ఇది జాగ్రత్తగా చదవండి. చలి వేస్తోందని కేబిన్ తలుపులన్నీ బిగించి, గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం పడుకునేవారున్నారు. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. ఇంజను పొగలోనూ అది వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం దాని లక్షణాలు. చూశారా, అచ్చంగా ఓడ వికారం లాగానే! “సముద్రం పడలేదు, పడుకుంటే పోతుంది” అనుకుని పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవకపోవచ్చు.

గుర్తు ఒకటి చెబుతాను. నీళ్ళు నిశ్చలంగా వున్నా కేబిన్‌లోని నలుగురికీ ఒకేసారి తలనొప్పి వస్తే, అది సముద్రం పని కాదు. అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. మంట, ఇంజను ఆపండి. వెంటనే వైద్య సహాయం కోరండి. ఈ వాయువును పసిగట్టి కూతపెట్టే అలారంలు దొరుకుతాయి. అది లేని పడవలో పడుకోవద్దు. పొయ్యి వంటకే, వెచ్చదనానికి కాదు. ఇక వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి నిలుస్తుంది. పడుకోబోయే ముందు సిలిండరు దగ్గరే కట్టేయండి. ఎంత చలి అయినా గాలి రావడానికొకటి, పోవడానికొకటి రెండు దారులు తెరిచి వుంచండి.

వంతుల పద్ధతి

నిద్రలో సుమారు 90 నిమిషాలకొక చక్రం తిరుగుతుంది. తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. శరీరానికి కావలసింది ఈ చక్రాలు పూర్తికావడం. అందుకని ముగ్గురున్న పడవలో 3 గంటల కాపలా, 6 గంటల విరామం చక్కగా సరిపోతుంది. ఇద్దరే వుంటే 3 గంటలకు 3 గంటలు, లేదా 4కు 4. విరామం 3 గంటలంటే బట్టలు మార్చుకోవడం పోగా మిగిలేది 2 గంటల నిద్రే. కాబట్టి పగలు కూడా పడుకుని అప్పు తీర్చాలి.

మొదటి రాత్రే అందరూ తప్పు చేస్తారు. ఉత్సాహంలో ఎవరూ పడుకోరు. అర్ధరాత్రి దాటాక అందరూ ఒకేసారి చతికిలబడతారు. తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా శరీరపు వేడి తగ్గి, నిద్ర బలంగా లాగే వేళ. నిద్ర రాకపోయినా సరే, బయలుదేరిన సాయంత్రం నుంచే వంతులు మొదలుపెట్టాలి. కళ్ళు మూసుకుని ఊరికే పడుకున్నా నష్టం లేదు.

లేచిన మనిషికి బుర్ర పూర్తిగా పనిచేయడానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకని పావుగంట ముందే లేపి, చేతికి వేడివేడి టీ ఇవ్వాలి. దగ్గర్లో ఓడ వుండగా కాపలా అప్పగించకూడదు. చీకటికి అలవాటుపడ్డ చూపు తెల్లని దీపానికి పోతుంది, మళ్ళీ రావడానికి అరగంట కావచ్చు. లోపల మసక ఎర్రదీపం వాడతారు.

ఈ క్రమశిక్షణకు మన ఆడపిల్లలే సాక్ష్యం. భారత నౌకాదళం వారి తారిణి 55 అడుగుల తెరచాప పడవ. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా అధికారులు దానిలో బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. అందులో పి.స్వాతిది మన విశాఖపట్నం, బి.ఐశ్వర్యది హైదరాబాదు. న్యూజిలాండు నుంచి ఫాక్‌లాండ్ దీవులకు నెలకు పైగా సాగే ప్రయాణం. దారిలో మేడలంత అలలు, చలి. ఆరుగురూ ఒకేసారి మేలుకుని వుంటే ఆ పని జరిగేది కాదు. కొందరు చుక్కాని దగ్గరుంటే కొందరు నమ్మకంగా నిద్రపోయారు. ఆ నమ్మకమే మంచి పక్క. 2024 అక్టోబరులో అదే తారిణిలో దిల్నా, రూప అనే ఇద్దరే అధికారులు బయలుదేరి 2025 మేలో భూప్రదక్షిణం ముగించారు. వారి సంగతి ఆలోచించండి. ఒకరు నిద్రపోతే రెండోవారు ఒంటరే.

కోడికునుకు

మరి ఒంటరిగా వెళ్ళేవారు? రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే ఆంగ్లేయుడు 1968 జూన్ 14న బయలుదేరి, 312 రోజులు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చాడు. ఆయన సుహైలి 32 అడుగుల టేకు పడవ, మన బొంబాయిలో కట్టినదే. ఇలాంటివారు గడియారపు గంట పెట్టుకుని కోడికునుకులు తీస్తారు. బాగా వాడుకలో వున్న లెక్క 20 నిమిషాలు. పెద్ద ఓడ కొయ్యమీది దీపం 6 నాటికల్ మైళ్ళ దూరం నుంచి కనబడాలని అంతర్జాతీయ నియమం. 20 మైళ్ళ వేగంతో వచ్చే ఓడ ఆ దూరాన్ని 18 నిమిషాల్లో దాటుతుంది. అంటే ఒంటరివాడు 20 నిమిషాలు పడుకోవడం కూడా దేవుడి మీద భారం వేయడమే. సముద్రంలో ఎల్లవేళలా కన్నూ చెవీ అప్పగించి కాపలా వుండాలనే 1972 నాటి నియమావళి చెబుతున్నది. ఈ విద్య నేర్చుకోవద్దని నా సలహా.

1895లో జాషువా స్లోకమ్ స్ప్రే అనే చిన్న పడవలో ఒంటరిగా బయలుదేరాడు. అజోర్స్ దీవులు దాటాక రేగుపళ్ళ లాంటి ప్లమ్ పళ్ళూ, జున్నూ తిని కడుపునొప్పితో పడిపోయాడు. మైకంలో చూస్తే చుక్కాని దగ్గర ఒక పొడుగాటి మనిషి. “నేను కొలంబస్ గారి పింటా ఓడ నావికుణ్ణి” అన్నాడట! మర్నాడు చూసుకుంటే పడవ దారి తప్పలేదు. అది దయ్యం కాదు. జబ్బు, ఒంటరితనం, అలసట కలిసి మెదడుతో ఆడిన ఆట. అలసినవారికి లేని మనుషులు, లేని మాటలు వినబడడం వైద్యులకు తెలిసిందే. అలా అనిపించిన క్షణాన చేయవలసింది ధైర్యం తెచ్చుకోవడం కాదు, చుక్కాని ఇంకొకరికిచ్చి పడుకోవడం.

మాత్రలు, మద్యం

వికారానికి ప్రొమెథజిన్, సిన్నరిజిన్ వంటి మాత్రలున్నాయి. బయలుదేరక ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగితే మాత్రా సముద్రంలోకే. వీటివల్ల మగత వస్తుంది. వేసుకున్నవారు ఒంటరిగా కాపలా వుండరాదు. ముందుగా ఇంటిదగ్గర ఒక రాత్రి వేసుకుని ఎంత మగత వస్తుందో చూసుకోండి. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రొమెథజిన్ ఇవ్వకూడదు. చెవి వెనక అంటించే హయొసిన్ పట్టీ గ్లాకోమా వున్నవారికీ, ప్రొస్టేటు గ్రంథి పెరిగిన పెద్దవారికీ పనికిరాదు. నిద్రమాత్రలు ప్రయాణంలో అసలు వద్దు. అర్ధరాత్రి తాడు తెగితే మీరు లేవాలి. మద్యం నిద్ర తెస్తుందనేది భ్రమ. మొదటి జామున తెచ్చి, రెండో జామున చెడగొడుతుంది, పైగా ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది.

మగవారికొక మాట. రాత్రి లఘుశంకకు నిద్రకళ్ళతో పడవ అంచున నిలబడవద్దు. ఒక చేత్తో పంట్లాం, ఒక చేత్తో తాడు పట్టుకుని నీళ్ళలో పడ్డవారున్నారు. లోపలికి వెళ్ళి, బుద్ధిగా కూర్చుని పనికానివ్వండి. అందుకోసమని నీళ్ళు తాగడం మానకండి.

లంగరు వేసిన రాత్రి

లంగరు జారుతుందేమోనన్న భయం నిద్రకు పెద్ద శత్రువు. దీనికి మందు నా దగ్గర లేదు గాని, మీ దగ్గర వుంది. నీటి లోతుకు కనీసం 5 రెట్లు గొలుసు, తాడైతే 7 రెట్లు వదలండి. లోతు లెక్కకు పోటు నీటినీ, పడవ ముక్కు ఎత్తునూ కలుపుకోండి. గట్టుమీద రెండు గుర్తులు చూసిపెట్టుకోండి. తెల్లని లంగరు దీపం వెలిగించండి. ఆ తర్వాత నిద్ర దానంతటదే వస్తుంది. బాగా చేసిన పనే మంచి నిద్రమాత్ర.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టుంటే కంగారుపడకండి. అది పోతుంది. నెల దాటినా పోకపోతే డాక్టరుకు చూపించండి.

తిరుగు ప్రయాణానికి ముందు షెర్‌బూర్గులో మా మేనల్లుణ్ణి రాత్రి 9 గంటల నిద్ర పోనిచ్చాను. ఒక బజారులో కాన్వాసు గుడ్డ కొని బెర్తులకు కట్టుకున్నాం. స్నేహితుడు బయలుదేరక ముందే మాత్ర వేసుకుని, ముందు బెర్తు వదిలి మధ్య గదిలోకి వచ్చాడు. ఒక కాగితం మీద ముగ్గురి వంతులూ రాసి గోడకు అతికించాం. కొత్తవాణ్ణి గనుక నాకు పగటి వంతులిచ్చారు. స్నేహితుడికి మగత ఇంకా వదలలేదు, అందుకని అతని వంతుల్లో పక్కన నేను కూడా కూర్చున్నాను. అయినా నా విరామంలో 3 గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. “మామయ్యా, టీ” అనే దాకా మెలకువ రాలేదు.

సామెత నిజమే, నిద్ర సుఖమెరగదు. అది ప్రమాదాన్నీ ఎరగదు. కనుక నిద్ర మిమ్మల్ని వెతుక్కుంటూ చుక్కాని దగ్గరకు రాకముందే, మీరే దాన్ని వెతుక్కుంటూ పక్కమీదికి వెళ్ళండి.